భీమప్ప పట్టిన దొంగచీమలు

భీమప్ప నోరు విప్పితే ఉరుకుంద బస్సు కూడా ఆగి, విని పోవాల్సిందేనని ఎమ్మిగనూరు బస్టాండులో ఎగతాళి. ఆ సాయంత్రం రామన్న టీ కొట్టులో బల్ల చివర సిద్ధప్ప కూర్చున్నాడు. పెండ్లాం కస్తూరమ్మ పోయినప్పటి నుంచి అతను మగ్గం గుంతలోకి దిగనేలేదు.

"పూలమీద తిరిగేటివన్నీ చీమలు కావప్పా," అన్నాడు భీమప్ప. "ఒక సాలెపురుగు ఉంటాది, అచ్చం చీమ మాదిరి. ముందుకాళ్లు మీసాల మాదిరి ఎత్తి ఆడిస్తాది. పువ్వును తట్టి సూడు. చీమైతే కింద పడతాది. దొంగదైతే పోగు వదిలి వేలాడతాది."

అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ ఇంకో టీ అడిగాడు. ఆలూరులో తట్టే పని కూడా లేకుండా వాసనతోనే పట్టేశాడట. ఆదోనిలో ఆయన అడుగుల చప్పుడు వినగానే దొంగవన్నీ వేషం విప్పి, ఎనిమిది కాళ్లూ జోడించి దండం పెట్టాయట. నందవరంలోనైతే అసలు చీమలే బారులు తీరి వచ్చి, తమలో కలిసిన దొంగలను పట్టివ్వమని మొరపెట్టుకున్నాయట.

"తెలుగులోనా, కన్నడంలోనా?" అన్నాడు రామన్న.

"కన్నడంలోనే. ఏటికి అవతలివి కదా."

అందరూ నవ్వారు. సిద్ధప్ప చేతిలో టీ చల్లారిపోయింది.

"సాక్ష్యం కావాల్నా? సిద్ధప్ప ఈడనే ఉన్నాడు. ఆయన పెరట్లో కనకాంబరాల మీద ఉన్నెవి దొంగచీమలని సైకిలు మీద పోతానే సెప్పినా. మొగ్గలు తినేస్తాయి, ఎండ్రిన్ పురుగుమందు కొట్టమన్నా. ఒక్కటి మిగల్లేదు. సెప్పు సిద్ధప్పా."

కస్తూరమ్మ వాంతులతో పోయిందనే ఊరికి తెలుసు. ఆ వాంతులు ఎందుకు వచ్చాయో సిద్ధప్ప ఎవరికీ చెప్పలేదు. భీమప్ప మీద కంటే తన మీదే అతనికి కోపం.

"మందు కొట్టకముందు మా కస్తూరమ్మ చెట్లు దులిపిందన్నా," అన్నాడు మెల్లగా. "అన్నీ కింద పడినాయి. ఒక్కటీ వేలాడలేదు. ఇవి చీమలే, మందు వద్దనింది. నేను నీ మాట విన్నా."

భీమప్ప గ్లాసు దించాడు.

"తెల్లారి మందు పడిన ఆ పూలే కట్టింది. మగ్గంలో మిగిలిన పోగు కొస పళ్లతో పట్టుకొని, ఎప్పటి మాదిరే. మధ్యాహ్నానికి పడిపోయింది."

రామన్న పొయ్యి మంట తగ్గించాడు.

"చీమలు మళ్లా వచ్చినాయన్నా. రా, ఈసారి సైకిలు దిగి, దగ్గరగా సూసి సెప్పు."

భీమప్ప సైకిలు వైపు చూశాడు గానీ, బల్ల మీది నుంచి లేవలేకపోయాడు.