దుప్పటి పట్టే అంకమ్మ మునగలేదంట

జెకర్యా పాస్టరుగారని మా పల్లెకి ఆ మధ్య వచ్చాడే, సన్నగా పొడుగ్గా ఉంటాడు, గొంతు మటుకు మైకు అక్కర్లేనిది, ఆయన నడుం లోతు కాలవలో నిలబడి ఉన్నాడంట. ఏందే, అప్పుడే పని ఆపేశారు? చేతులాడిస్తా వినండి, మిరపకాయల తొడిమలు వాటంతటవే ఊడిరావు. ఆ, ఎందుకు నిలబడ్డాడూ, బాప్తిస్మాలియ్యటానికి. మా సంఘంలో నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే చెల్లదు, నిలువునా ముంచాల్సిందే. కాలవకి నీళ్ళొదిలిన మొదటి ఆదివారం పల్లె పల్లెంతా గట్టు మీదే ఉంటది. మునిగిన ఆడోళ్ళు తడి చీరలతో పైకొస్తారు గదా, బట్టలు మార్చుకోవాల గదా, వాళ్ళకి మరుగ్గా అంకమ్మ దుప్పటి పట్టుకునేది. ముసల్ది, డెబ్బై దాటింది. పాటెత్తుకుందంటే గుడి దద్దరిల్లాల్సిందే. పల్లెలో సగం మంది ఆడోళ్ళని ఆమే బతిమాలి, బెదిరించి, చెయ్యి పట్టుకుని కాలవకి లాక్కొచ్చింది అనుకో. ఊళ్ళోకి కరెంటు రాకముందు నుంచీ ఆ దుప్పటి పని ఆమెదే. దుప్పటమ్మా అని పిల్చినా పలికేది, ఏమనుకునేది కాదు.

ఆ రోజు అందరూ అయిపొయ్యారు, సలోమి అనే పిల్ల ఒక్కతే మిగిలింది. దాని సంగతి చెప్పాల మీకు. బిడ్డ పోయి నెల కూడా తిరగలా, తొలిచూలు, మగపిల్లోడు, పాలు తాగతా తాగతా పోయాడు. ఆ బిడ్డని సమాధుల దొడ్లో పెట్టనియ్యలా మన పాస్టరు. మునగనోళ్ళకి దొడ్లో చోటు లేదు, కంచె అవతల పెట్టుకోండి అన్నాడు. ఆయన పెట్టిన కట్టుబాటు కాదులే అది, ముందు పాస్టర్ల నాటి నుంచీ ఉన్నదే. ఆయనకీ లోపల పీకిందంట, బిడ్డని చుట్టిన గుడ్డ మూట చేతుల్లో ఎంత తేలిగ్గా ఉందో చూసి రెండు రోజులు అన్నం సయించలేదంట. అయినా కట్టుబాటు కట్టుబాటే గదా అనుకున్నాడు. ఇప్పుడు ఏమైందంటే, ఆయనకో అలవాటు. ఆఖరి మనిషి నీళ్ళలోకి దిగేటప్పుడు చెయ్యెత్తి, "మునగనివాడికి రక్షణ లేదు! పరలోకం తలుపు తెరుచుకోదు! ఇంకెవరన్నా మిగిలారా?" అని గట్టు అదిరేటట్టు కేకేస్తాడు. ఎవరు పలకతారు? ఎవరూ పలకరు. ఆ మాట కూడా ఒక ప్రార్థన లాంటిదే అనుకో. ఆ రోజూ అట్నే కేకేశాడు. సలోమి ఒక కాలు నీళ్ళలో పెట్టింది, ఆ కేక విన్నది, కొయ్యబారిపోయింది. "నా బిడ్డ మునగలేదు గదా అయ్యగారా" అన్నదంట. అని ఆ బురదలోనే కూలబడి, ఓరి దేవుడో నా కొడుకో అని ఒకటే ఏడుపు. అది వేరులే తల్లీ, ముందు నువ్వు రా, నీ సంగతి చూసుకుందాం అని ఈయన సర్దబోయాడు. ఇద్దరు ఆడోళ్ళు దాని రెక్కలు పట్టుకుని లేపుతున్నారు, లెయ్యదే! ఏం చెయ్యాలో పాలుపోక ఆయన మళ్ళా ఆ అలవాటు మాటే అందుకున్నాడు, ఇంకెవరన్నా మిగిలారా అని. అప్పుడు దుప్పటి వెనక నుంచి, "నేనున్నానయ్యా" అని వినపడింది.

అందరూ నవ్వారంట. నవ్వరూ మరి? ఊరుకో పెద్దమ్మా, ఎగతాళికి ఇదా సమయం అని కసురుకున్నాడు పాస్టరు. అంకమ్మ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని గట్టంచుకి వచ్చింది. "ఎగతాళి కాదయ్యా. నేను మునగలేదు. ఈ కాలవలో మునగలేదు, ఏ కాలవలోనూ మునగలేదు" అన్నది. అమ్మో అమ్మో! సంఘపెద్ద ఏసోబు పైపంచె జారి కాలవలో కొట్టుకుపోతుంటే కూడా చూసుకోలేదంట. ఒకామె బుగ్గలు నొక్కుకుంటది, ఒకామె తన కూతుర్ని దగ్గరికి లాక్కుంటది. అప్పుడు ఒక్కొక్కళ్ళకీ గుర్తొస్తంది చూడు, మునిగినోళ్ళకి మటుకే రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే బల్ల ఆదివారం ఈ ముసల్ది ఎప్పుడూ లోపల ఉండేది కాదు, గుడి బయట అందరి చంటిపిల్లల్నీ ఆడిస్తా కూసునేది. ఎంత మంచిదమ్మా, మనకోసం బల్ల కూడా మానుకుంటంది అనుకున్నారు వెర్రిమొహాలు! పాస్టరుకి నీళ్ళలోనే ముచ్చెమటలు పోశాయంట. తనకంటే ముందు సంఘాన్ని నిలబెట్టిన మనిషి, తను ఊరికి వచ్చిన కొత్తల్లో తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసిన మనిషి! "ఎందుకు పెద్దమ్మా, ఎందుకట్టా చేశావు?" అన్నాడు.

అంకమ్మ సలోమి పక్కన బురదలో కూసుని చెప్పింది. "నేను ఈ ఊరు కాపరానికొచ్చిన కొత్తల్లో పల్లెంతా ఒకేసారి మునిగారయ్యా. నేను పచ్చి బాలింతని, నీళ్ళలో దిగొద్దన్నారు, వచ్చే ఏడు మునుగుదువులే అన్నారు. ఈ లోపల నా బిడ్డ పోయాడు. అప్పటి అయ్యగారు ఇదే మాట అన్నాడు, కంచె అవతల పెట్టుకోండి అన్నాడు. ఆ తుమ్మచెట్ల కింద పెట్టుకున్నాం. నా మొగుడికొక్కడికే తెలుసు, ఆయనా పోయాడు. ఏసయ్యంటే నాకు ప్రాణం. ఆయనకే చెప్పుకున్నా. అయ్యా, నువ్వు మంచోడివే, నీ ఇల్లూ మంచిదే, కానీ నా పిల్లోణ్ణి బయట వొదిలేసి నేను లోపలికి రాలేను. వాడెక్కడుంటే నేనూ అక్కడికే పోతా, నన్ను పిలవబాకు అని. ఇంతమందిని ఎందుకు ముంచావంటావా, వాళ్ళకి బయట ఎవరున్నారు? ఇదిగో, ఈ పిల్లకి ఉన్నాడు. అందుకని నోరిప్పాల్సొచ్చింది. ఇప్పుడు నువ్వు చెప్పయ్యా. మా పిల్లలు ఆయన దగ్గర ఉన్నారా, లేరా? లేరంటే మేమిద్దరం ఇంటికి పోతాం."

చూడండే, ఎంత పీకులాటో ఆయనకి! లేరంటే ఆ ఇద్దరూ పోతారు. ఉన్నారంటే ఇందాకటిదాకా అరిచిన మాట ఏమైపోవాల? ఏసోబు గట్టు మీద నుంచి, అయ్యగారూ వాక్యం చెప్పండి, వాక్యం చెప్పండి అని ఒకటే గోల. ఆయన వాక్యం చెప్పబోయాడంట, సగంలో నోరు ఆగిపోయింది. ఆ తేలిక మూట మళ్ళా చేతుల్లోకి వచ్చినట్టయిందంట. మునిగినోళ్ళందరి ఎదురుగా, అంత గొంతున్న మనిషి పీలగా, "ఉన్నారమ్మా. ఇద్దరూ ఆయన ఒళ్ళోనే ఉన్నారు. నేను చెప్పింది తప్పు, చేసింది ఇంకా తప్పు" అన్నాడు. సలోమి బురదలో నుంచి లేచి నిలబడింది.

సంతోషిస్తదనుకుంటున్నారా అంకమ్మ? అక్కడే ఉంది అసలు సంగతి. ముసల్ది తెల్లబోయింది. "ఉన్నాడా? లోపలే ఉన్నాడా? అయితే నా బిడ్డ... ఇన్నేళ్ళూ అమ్మ ఏదీ అని చూస్తా అక్కడ ఒక్కడే ఉన్నాడా? నేను వాడి కోసం బయట ఉండిపోయానే! అయ్యో నా తండ్రీ!" అని గుండెలు బాదుకుంటా కాలవలోకి దూకినంత పని చేసింది. కాళ్ళు జారుతున్నా ఆగదే! "ముంచయ్యా, తొందరగా ముంచు, ఆలస్యమైపోయింది" అంటదంట. ముంచేటప్పుడు ఆయన ఏడుస్తున్నాడు, ఏ పేరున ముంచుతున్నాడో సగం మందికి వినపడలేదు. ఆమె వెనకే సలోమి మునిగింది.

తెల్లారి పాస్టరు గునపం తీసుకుని తనే పోయి సమాధుల దొడ్డి కంప కంచె పీకి, తుమ్మచెట్ల అవతలకి జరిపి పాతాడంట. ఏసోబు నెల రోజులు గుడికి రాలేదు. మా పల్లెలో ఇప్పటికీ తగువే అనుకో, ఏసయ్య పక్కన సిలువ మీదున్న దొంగకి పరలోకం ఇచ్చాడు గదా, వాడెక్కడ మునిగాడని ఒకళ్ళు, వాడికి కాలవ లేదు, నీకుంది గదా అని ఇంకొకళ్ళు. నన్నడిగితే నేనేం చెప్పేది, పోయి చూసొచ్చానా? నేనూ మునిగినదాన్నే, మునిగి చెడిపోలేదు. కానీ పైకెళ్ళినాక ఆ పెద్దాయన్ని పట్టుకుని ఒకటే అడుగుతా. అంకమ్మ అన్నేళ్ళు అంత మొండిగా బయట నిలబడితే, నువ్వే ఒకసారి గడప దాటొచ్చి, నీ బిడ్డ ఇక్కడే ఉన్నాడు రావే పిచ్చిదానా అని చెప్పకూడదా అని.