నడిమి స్తంభం

పట్టపగలు, ట్రాఫిక్‌లో ఆగిపోయిన కారు. లోపల ఒక ఆర్కిటెక్ట్. ఫోనుకి అవతల ఆమె బాబాయ్, ఆమె గీసిన ప్లాను ప్రకారం బాగు చేయించిన తన భవనంలో: కింద సోఫాల షోరూం, పైన ఇల్లు, ఆ పైన మేడ.

“అందరూ వచ్చేశారు అమ్మాయ్, నువ్వు తప్ప. ప్లాను గీసిన మనిషి లేకుండా ప్రారంభోత్సవం ఏమిటని ప్రతివాడూ అడుగుతున్నాడు.”

“వస్తున్నా బాబాయ్, వంతెన దగ్గర ఇరుక్కుపోయాను. అక్కడ అంతా బాగానే ఉందా?”

“బ్రహ్మాండంగా ఉంది. ఒక్క షట్టరే మొరాయిస్తోంది.”

“ఏ షట్టరు?”

“షోరూంది. పొద్దున ఎత్తితే నడుం దాకా లేచి ఆగిపోయింది. పైకీ పోదు, కిందకీ రాదు. నూనె కూడా పోయించాను. మొండికేసింది, మీ పిన్నిలాగా.”

“నిన్న బాగానే ఉందిగా?”

“నిన్న వేలితో ఎత్తాను.”

“బాబాయ్... షట్టరు మీద నుంచే కదా కొత్త దూలం లోపలికి వెళ్ళేది. దాని కింద జాకీలు...”

“అబ్బ, ఆ జాకీల గోల మళ్ళీ మొదలుపెట్టావా? ఇవాళ కూడానా?”

“ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఎక్కడ?”

“ఉన్నాయన్నానుగా.”

“ఎక్కడున్నాయి బాబాయ్?”

“మేడ మీద.”

“మేడ మీదా? దూలం కింద ఉండాల్సినవి మేడ మీదకి ఎలా వెళ్ళాయి?”

“అరవకు. షామియానా వాళ్ళు గుంజలు తక్కువ తెచ్చారు. ఎండ చూస్తే మండిపోతోంది, వచ్చినవాళ్ళని మాడ్చమంటావా? ఈ ఇనప గుంజలేమో కింద ఊరికే నిలబడున్నాయి, సోఫాల మధ్య జైలు ఊచల్లాగా. ఫొటోకి కూడా అడ్డమే. రాత్రే తీయించి పైన నిలబెట్టించాను.”

“అవి ఊరికే నిలబడలేదు. నడిమి స్తంభం తీసేశాం కదా, అది మోసే బరువంతా వాటి మీదే ఉంది. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దన్నానా లేదా?”

“అన్నావు. కాంక్రీటు ఆరేదాకా అన్నావు. ఆరింది. గోటితో గీకి చూశాను, గీత పడలేదు.”

“పైపైన ఆరుతుంది బాబాయ్, లోపల పచ్చిగానే ఉంటుంది.”

“దేవుడి మీద భారం వేసి తీయించాను. ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. ఆయన నిలబెట్టేవాడే అయితే మధ్యలో ఈ జాకీలెందుకు?”

“మీరు భారం వేసింది దేవుడి మీద కాదు, దూలం మీద.”

“ఏమిటీ? వినపడలేదు. పక్కన డప్పులాగా మైకొకటి.”

“ఏం లేదు. మేడ మీద చాలామంది ఉన్నారా?”

“కాలు పెట్టే చోటు లేదు. చుట్టాలు, వీధిలోవాళ్ళు, వర్తక సంఘం వాళ్ళు. నీళ్ళకి లోటు రాకూడదని ట్యాంకు కూడా అంచు దాకా నింపించాను.”

“అమ్మ?”

“వదినా? ముందు వరుసలో రాణిలా కూర్చుంది. మోకాళ్ళ నొప్పులు, ఎక్కలేనంటే నేనూ మీ పిన్నీ చెరో చెయ్యీ పట్టుకుని ఎక్కించాం. కనిపించినవాళ్ళందరికీ ఒకటే మాట, మా అమ్మాయి కట్టిందీ, మా అమ్మాయి కట్టిందీ అని. ఇల్లు నాదన్న సంగతి అందరూ మర్చిపోయారు.”

“బాబాయ్, పిన్నికి ఒక్కసారి ఫోనివ్వండి.”

“ఎందుకు?”

“ఇవ్వండి బాబాయ్.”

“ఏమోయ్, ఇదిగో, నీతో మాట్లాడాలట. ఆడవాళ్ళ రహస్యాలు.”

“ఏమే, చీర మార్చుకునేసరికి ఇంత ఆలస్యమా?”

“పిన్నీ, కాస్త పక్కకి వచ్చి మాట్లాడు. ఇంట్లో పొద్దుటి నుంచి ఏమైనా తేడాగా ఉందా?”

“తేడా అంటే?”

“తలుపులు పట్టేయడం, గచ్చు పగలడం, అలాంటివి.”

“అమ్మో, నీకెలా తెలుసు? ముందు గదిలో బీరువా తలుపు దానంతట అదే తెరుచుకుంటోంది. మూస్తాను, వెనక్కి తిరిగేలోపు మళ్ళీ తెరుచుకుంటుంది. తాళం పాడైందేమో అనుకున్నాను.”

“ముందు గదంటే షోరూం నెత్తిమీద గదేనా?”

“అదే మరి.”

“దేవుడా.”

“ఏమిటే ఆ గొంతు? ఏమైంది?”

“బాబాయ్ గుండె ఎలా ఉంది పిన్నీ?”

“ఎలా ఉంటుంది... పొద్దున మెట్లెక్కి వచ్చి ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, నీకు అసలే చెప్పొద్దన్నారు. స్టెంటు వేసిన డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుగా, గట్టిగా ఉలిక్కిపడినా కష్టమే అని. చెడ్డ కబురేదైనా ఉంటే నాకు చెప్పు, ఆయనకి చెప్పకు. నా మీద ఒట్టు.”

“నీకు చెప్తే అరవకుండా ఉంటావా?”

“చెప్పకముందే అరిచేలా ఉన్నాను తల్లీ. ఎలా ఉంటానో నాకేం తెలుసు?”

“అయితే వద్దులే. ఏం లేదు పిన్నీ. ఒక్క నిమిషంలో మళ్ళీ చేస్తాను. ఆయన ఫోను ఆయన చేతిలోనే పెట్టు.”

“ఏమే... ఏమే!”

“డ్రైవరన్నా, ఆ సందులోంచి పోలేమా?”

“సందులో లారీలోంచి సరుకు దించుతున్నారు మేడం. ఎటు పోయినా ఇంతే.”

“నిజం చెప్తే ఆ ఇరుకు మెట్ల మీద ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటారు. ఆయన గుండె ఆగిపోతుంది. అమ్మ పరుగెత్తలేదు. చెప్పకపోతే... స్తంభం వద్దన్నది ఆయన, సరేనన్నది నేను. నువ్వు ఒక్క అరగంట పట్టుకో చాలు, ఒక్క అరగంట.”

“ఎవరితో మాట్లాడుతున్నారు మేడం?”

“దేవుడితో.”

“లైన్లో ఉన్నాడా?”

“తెలియదన్నా. ఉంటే బాగుండు.”

“ఆ, చెప్పు అమ్మాయ్. ఏమంటోంది మీ పిన్ని? మొహం తెల్లగా పాలిపోయి ఉంది.”

“బాబాయ్, జాగ్రత్తగా వినండి. కంగారేమీ లేదు. మున్సిపల్ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారట, ఇప్పుడే ఎవరో చెప్పారు. మేడ మీద జనాన్ని ఎక్కించడానికి మనకి అనుమతి లేదు. చూశారంటే భవనానికి తాళం వేస్తారు.”

“ఇవాళేనా? ఈ ముహూర్తానికేనా? ఎవడో ఓర్వలేక చెప్పుంటాడు. ఆ పక్కకొట్టు పరుపులవాడే అయ్యుంటాడు.”

“ఎవడైతేనేం. అందరినీ కిందకి దించండి. ఇంట్లో కూడా ఒక్కళ్ళు ఉండకూడదు. నెమ్మదిగా, ఒక్కొక్క వరుసా. మెట్ల మీద తోపులాట వద్దు, గెంతడాలు వద్దు.”

“దించి?”

“రోడ్డు అవతలకి పంపేయండి.”

“వర్తక సంఘం అధ్యక్షుణ్ణి తీసుకెళ్ళి రోడ్డు మీద నిలబెట్టనా? బాగుంది. అంత జనం వీధిలో ఉంటే ఆఫీసువాళ్ళకి కళ్ళు లేవా?”

“ముందు దించండి బాబాయ్, దండం పెడతాను.”

“సరే సరే. ఒక్క మనిషి వాళ్ళ కంటపడకుండా చూసే పూచీ నాది. మర్యాదల సంగతి నాకు వదిలెయ్.”

“ఇంకోటి. ఆ షట్టరు ముట్టుకోవద్దు. ఎత్తొద్దు, దించొద్దు. అలాగే ఉండనివ్వండి.”

“ముట్టుకోను. నాకేం పని?”

“మేడం, ముందు బస్సు కదిలింది.”

“పోనీ అన్నా, త్వరగా పోనీ. బాబాయ్, మొదలుపెట్టండి. ఫోను మాత్రం పెట్టేయకండి.”

“జేబులో వేసుకుంటున్నాను. ఏమండీ, పెద్దలందరికీ మనవి! కింద చల్లటి డ్రింకులు పెట్టాం. ముందు వరుస వాళ్ళు ముందు... నెమ్మదిగా రండి, నెమ్మదిగా. డ్రింకులు ఎక్కడికీ పారిపోవు.”

“బాబాయ్... బాబాయ్, వినపడుతోందా? ఎంతమంది దిగారు?”

“సగం దిగారమ్మా. ఊపిరి పీల్చుకోనీ.”

“అమ్మ?”

“ఇప్పుడే మెట్ల దగ్గరికి తెచ్చాం. ఒక్కో మెట్టుకీ ఆగుతోంది. ఎక్కించిన వెంటనే దించడమేమిట్రా, నేనేమైనా బిందెనా అని తిడుతోంది.”

“తిట్టనివ్వండి. ఆపకండి. దారిలో మాట్లాడించకండి.”

“నీ కంగారు చూస్తుంటే ఆఫీసువాళ్ళు కాదు, పోలీసులు వస్తున్నట్టుంది.”

“దిగిందా?”

“ఇంకా మలుపు దగ్గరే.”

“దిగిందా బాబాయ్?”

“దిగింది, దిగింది! నేలమీద పెట్టింది కాలు. చాలా?”

“పైన ఇంకెవరూ లేరుగా? పిన్ని?”

“మీ పిన్నే ఆఖరున చూసి వచ్చింది. మేడ ఖాళీ, ఇల్లు ఖాళీ. బీరువా తలుపొక్కటే తెరిచి ఉందట.”

“అన్నా, కాస్త ఏసీ పెంచవా. చెమటలు పట్టేశాయి. దేవుడా, నువ్వు ఉన్నావు. ఉన్నావు నువ్వు.”

“ఏడుస్తున్నావా అమ్మాయ్?”

“లేదు బాబాయ్. మీరెక్కడున్నారు ఇప్పుడు?”

“రోడ్డు అవతల, కిళ్ళీకొట్టు దగ్గర స్కూటరు మీద కూర్చున్నాను. జీపు వస్తుందేమోనని కాపలా.”

“అంత జనం ఉన్నారు, చప్పుడే లేదేం?”

“గట్టిగా మాట్లాడొద్దని చెప్పానుగా.”

“మంచి పని చేశారు. బాబాయ్, ఇప్పుడు నేను చెప్పేది కూర్చునే వినండి. గుండె గట్టి చేసుకోండి. అందరూ క్షేమంగా దిగారు, అది గుర్తుపెట్టుకుని వినండి.”

“ఏమిటే ఈ ఉపోద్ఘాతం?”

“ఆఫీసువాళ్ళెవరూ రావట్లేదు. నేను అబద్ధం చెప్పాను.”

“అబద్ధమా?”

“దూలం కుంగుతోంది బాబాయ్. అందుకే షట్టరు బిగుసుకుపోయింది, అందుకే పైన బీరువా ఒరిగింది. జాకీలు తీసేశారు, పైన అంత జనాన్ని ఎక్కించారు. ఏ క్షణమైనా కూలిపోవచ్చు. మెట్ల మీద తొక్కిసలాట అవుతుందని, మీ గుండెకి ఏమవుతుందోనని చెప్పలేదు. పోతే పోనీ బాబాయ్, రాళ్ళూ ఇసకే కదా. మళ్ళీ కట్టుకుందాం. ఈసారి మీరు తిట్టినా స్తంభం ఉంచే కడతాను. మనుషులు దక్కారు, అదే చాలు. బాబాయ్?”

“అయ్యో... అయ్యో తల్లీ.”

“బాబాయ్, వింటున్నారా? నొప్పా? నాలుక కింద మాత్ర పెట్టుకోండి. పిన్నిని పిలవండి, పక్కనే ఉంటుంది.”

“మీ పిన్ని ఇక్కడ లేదమ్మా.”

“ఎక్కడుంది?”

“ఆఫీసువాళ్ళ కంట పడకూడదన్నావుగా... అందరినీ షోరూంలో కూర్చోబెట్టాను.”

“లేదు. లేదు బాబాయ్. షట్టరు...”

“ముట్టుకోలేదు తల్లీ, నువ్వు చెప్పావని. దాని కిందనుంచే ఒక్కొక్కళ్ళూ వంగి లోపలికి వెళ్ళారు. పెద్దవాళ్ళయితే పాక్కుంటూ.”

“అమ్మ వంగలేదు. అమ్మకి మోకాళ్ళు... అమ్మ బయటే ఉంది కదూ? చెప్పండి బాబాయ్, బయటే ఉంది కదూ?”

“ఇద్దరం కలిసి ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళామమ్మా. అన్నిటికన్నా మెత్తటి సోఫాలో కూర్చోబెట్టాను. నడిమి స్తంభం ఉన్న చోట.”