ఎండ్రిన్‌ని జయించిన బాలశౌరి

ఆదివారం చర్చిలో పూజ అయిపోయాక కాలవ లాకుల దగ్గర చప్టా మీద కూర్చోవడం మా ఊళ్లో అందరికీ అలవాటు. బెజవాడ బస్సు వస్తే ఎక్కేవాళ్లు ఎక్కుతారు, రాకపోతే ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే అక్కడ బాలశౌరి ఉంటాడు. పన్నెండేళ్లు చేలకి పురుగుమందు కొట్టిన మనిషి. డెబ్బై ఆరులో ఆ పని మానేసి మాటలు మొదలుపెట్టాడు. ఇది ఆ తర్వాత రెండేళ్లకి సంగతి. ఆ రోజు లాకులు ఎత్తి దించే లస్కరు బసవయ్య, బాలశౌరి బావమరిది జాన్‌బాబు, ఐదెకరాల ఆసామి వెంకటప్పయ్య గారు, నేనూ ఉన్నాం. వెంకటప్పయ్య గారి వరికి దోమ పట్టింది. మందు కొట్టే మనిషి కోసం వచ్చినాయన, బాలశౌరి నోరు తెరిచేసరికి వచ్చిన పని మర్చిపోయి కూర్చుండిపోయారు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదండీ వెంకటప్పయ్య గారూ, మీకు తెలుసు. కానీ ఈ కాలవ కింద అసలు ఎండ్రిన్ ఏదో కల్తీ ఎండ్రిన్ ఏదో చెప్పగలిగినోణ్ణి నేనొక్కణ్ణే. ఎట్టాగంటారా? నాలికతో. డబ్బా మూత తిప్పడం, చిటికెనవేలు ముంచడం, నాలిక మీద పెట్టుకోడం. చురుక్కుమని చెవుల దాకా పాకిందా, అసలుది. పాకలేదా, కొట్టువాడు కిరసనాయిలు కలిపాడన్నమాటే. వన్‌టౌన్‌లో మందుల కొట్టోళ్లు నేను బెజవాడలో బస్సు దిగానని తెలిస్తే షట్టర్లు దించేసేవాళ్లు!"

"రుచి చూడటం మందు కొట్టే ప్రతివాడూ చేసేదే కదరా, అందులో నీ గొప్పేంటి?" అన్నాడు బసవయ్య.

"చేసేవాళ్లు, కాదన్లా. వాళ్లు ఉమ్మేసేవాళ్లు బసవయ్యా. నేను మింగేవాణ్ణి."

జాన్‌బాబు పగలబడి నవ్వాడు. వాడికి ముప్పై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లలు, బావ మాటంటే వాడికి సువార్త తర్వాత సువార్త.

"నవ్వుతావేంరా? మొదట్లో ఒక చుక్క, తర్వాత ఉగ్గిన్నెడు. మజ్జిగలో వేసుకుంటే కాస్త చలవ. మందు నీళ్లలో కలపడానికి అందరూ కర్ర వెతుక్కునేవాళ్లు, నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి గిరగిరా తిప్పేవాణ్ణి, దేవుడు చెయ్యెందుకిచ్చాడు మరి? అట్టా అట్టా మందు నా రక్తంలో కలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక సాయంత్రం ఓ దోమ నా భుజం మీద వాలి కుట్టింది. కుట్టి లేవబోయింది, లేవలా! అక్కడే వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది. రెండోది దాన్ని చూడ్డానికొచ్చింది, అదీ అంతే. వారం తిరిగేసరికి మా పేటలో దోమ అనేది లేదు. నా మంచం చుట్టూ మంచాలేసుకోడానికి జనం కొట్టుకున్నారు. చివరికి ఫాదర్ గారొచ్చి, సోమవారం ఈ వరసలో, మంగళవారం ఆ వరసలో పడుకోరా అని సర్దుబాటు చెయ్యాల్సొచ్చింది."

"ఫాదర్ గారిని కూడా లాగావూ?" అన్నాడు బసవయ్య.

"ఆయన్నడుగు! ఇప్పుడు గుంటూరు మార్చారనుకో. సరే, దోమ చిన్న ప్రాణి. రక్తపింజరి సంగతి వినండి. రామకోటేశ్వరరావు గారి చేలో గట్టు మీద పోతన్నా, మడమ మీద కాటేసింది. నేను పట్టించుకోలా, ముల్లనుకున్నా. నాలుగడుగులేసి ఎందుకో వెనక్కి చూస్తే అది మెలికలు తిరిగిపోతంది, నోట్లోంచి నురగ. పాపం, దానికేం తెలుసు! జాలేసింది. గబగబా ఉప్పునీళ్లు కలిపి, నోరు తెరిచి పోసి, తోక పట్టుకుని తలకిందులుగా ఊపి కక్కించా. బతికింది. ఇప్పటికీ నేను గట్టు మీద పోతంటే పక్కకి తప్పుకుని పడగ దించి నిలబడుద్ది."

"రక్తపింజరికి పడగెక్కడిదిరా?" అన్నాడు బసవయ్య.

"నా మీద మర్యాద కొద్దీ తెచ్చుకుంది. మధ్యలో అడ్డం రామాక. అది చూశారు రామకోటేశ్వరరావు గారు. నలభై ఎకరాల ఆసామి, ఊరికే చూస్తారా? 'బాలశౌరీ, నువ్విక మందు పంపు మొయ్యొద్దు. బోదె మొదట్లో కూర్చుని స్నానం చెయ్యి, చాలు' అన్నారు. చేశా. నా ఒంటి మీది నీళ్లు బోదెలో పడి చేలోకి పారినియ్యి. పారినమేర పురుగన్నది లేదు! మూడు పంటలు! ఇంకేముంది, కాలవ కింద ఆసాములందరూ ఎగబడ్డారు. నీళ్లకి వంతులున్నట్టే నా స్నానానికి వంతులు పెట్టారు. పై ఊళ్లోళ్లకి తలస్నానం, కింది ఊళ్లోళ్లకి ఒంటిస్నానం. కాలవ చివరి ఊరోళ్లు మాకు బురదే మిగులుతోందని కలెక్టరుకి అర్జీ పెట్టుకున్నారు."

"ఆ వంతులు రాసింది నేనేనంటావా ఏంటి కొంపదీసి?"

"నువ్వు కాదు, నీ ముందున్న లస్కరు. చచ్చిపోయాడు, నీకెట్టా తెలుసుద్ది?" అని బసవయ్య నోరు మూయించి బాలశౌరి మా వైపు తిరిగాడు.

"ఈ సంగతి ఢిల్లీ దాకా పోయింది. డెబ్బై నాలుగులో ఎడారిలో అణుబాంబు పేల్చారు చూడండి, ఆ శాస్త్రవేత్తలు జీపులో దిగారు. వాళ్ల దగ్గరో పెట్టె ఉంటుంది, విషం ఉన్న చోటల్లా టిక్కు టిక్కు మంటది. నా ముందు పెట్టారు. టిక్కు అనలా, కుయ్యో మని ఏడ్చింది! ముల్లు గిర్రున తిరిగి ఊడి కాలవలో పడింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, 'బాంబు కాడ కూడా ఇది ఇంత భయపళ్లేదయ్యా బాలశౌరి గారూ, ఢిల్లీ రండి, మిమ్మల్ని సరిహద్దులో నిలబెడతాం' అన్నాడు. మా ఆడదానికి దూరాభారం, రానన్నా."

వెంకటప్పయ్య గారు నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నారు. బాలశౌరి మాత్రం కాలవ వైపు చూశాడు. నీళ్లు కట్టలు ఒరుసుకుంటూ పారుతున్నాయి, తాటి పట్టెలు మోసుకొచ్చిన పడవ ఒకటి లాకుల కోసం ఆగి ఉంది. మళ్లీ మొదలుపెట్టాడు గానీ గొంతు కొంచెం తగ్గింది.

"ఎండ్రిన్ రాకముందు ఈ కాలవ ఎట్టా ఉండేదండీ! మా అమ్మ అమలమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, 'పోరా, కూరకి పట్రా' అనేది. ఎసరు కాగేలోపల తువ్వాలు ముంచి నాలుగు జెల్లలో, అదృష్టముంటే కొర్రమీనో పట్టుకుని ఇంట్లో ఉండేవాణ్ణి. ఎండ్రకాయలు గట్లు తొలిచేస్తన్నాయని ఆసాములు తిట్టుకునేవాళ్లు. తొలకరిలో కప్పల గోలకి పక్కనోడి మాట వినపడేది కాదు. ఈ నీళ్లే బిందెలతో తెచ్చుకు తాగాం. ఇప్పుడు తలుచుకుంటే నాకే కోతల్లాగున్నయ్యి."

"అవి కోతలు కాదు బాలశౌరీ," అన్నారు వెంకటప్పయ్య గారు. "మా చేలో కోతలప్పుడు మడికి ఇన్ని పరిగె చేపలు దొరికేవి. మా అమ్మ ఎండబెట్టి దాచేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది."

ఆ మాటతో నాకూ మా నాయన గాలం వేసిన చోటు గుర్తొచ్చి దిగులేసింది.

బాలశౌరికి దిగులు పడదు. "అందుకేగా వాటిని బతికించింది నేను!" అని అందుకున్నాడు. "ఒకనాడు పని కాగానే అలవాటు చొప్పున పంపు తెచ్చి ఈ లాకుల ఎగువన కడిగా. అందరం అంతేగా, ఇంకెక్కడ కడుగుతాం? తెల్లారేసరికి కాలవంతా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలినియ్యి. జనం గోల. నేను మెల్లగా దిగా. ఒక్కోదాన్నీ తిప్పి, చెవిలో 'లేవే' అన్నా. నా ఒంట్లో ఉన్న మందు ముందు నీళ్లలో మందొక లెక్కా? విరిగిపోయింది. ఒక్కటొక్కటీ తోక విదిలించుకుని లేచింది. రొయ్యలైతే మీసాలు సవరించుకుని దణ్ణం పెట్టి మరీ పోయినియ్యి, బందరు దాకా వరసగా, ఊరేగింపు!"

"ఆ రోజు డ్యూటీలో ఉంది నేనేరా," అన్నాడు బసవయ్య. "ఒక్క చేపా లేవలా. గంపలకెత్తి పూడ్చాం. వద్దన్నా వినకుండా వండుకున్న రెండిళ్లవాళ్లని బండిలో వేసుకుని ఆసుపత్రికి తోలుకుపోయాం."

"నువ్వు గంపల కోసం పోయినప్పుడు లేచినయ్యి బసవయ్యా, నువ్వెక్కడ చూశావు?"

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే జాన్‌బాబు లేచి లుంగీ సర్దుకుని, "వెంకటప్పయ్య గారూ, రేపు మీ చేలో మందు కొట్టడానికి నేనొస్తానండీ" అన్నాడు.

"నీకు అలవాటు లేదుగా జాన్‌బాబూ?"

"అలవాటుదేముందండీ. మా బావ పన్నెండేళ్లు కొట్టాడు. మింగాడు, దాంతో స్నానం చేశాడు. అందులో పదోవంతు నిజమైనా, మా బావకేమైందండీ? నిక్షేపంలా ఉన్నాడు."

వాడు ఎగతాళికి అనలేదు. మనస్ఫూర్తిగా అన్నాడు. బాలశౌరి నవ్వు ఆపి వాడి మొహంలోకి చూశాడు.

"ఎల్లమాకు," అన్నాడు.

"ఏం బావా? నువ్వేగా ఇందాకటి నుంచీ..."

"ఎల్లమాకంటన్నా కదరా!"

"ఎందుకో చెప్పు, మానేస్తా. నీకేమైంది?"

బాలశౌరి కండువా తీసి పక్కన పెట్టాడు. ఇంతసేపూ చేతులు దాని కింద పెట్టుకునే మాట్లాడాడని అప్పుడు గమనించాం. రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకున్నాడు, రెండూ కలిసి వణికాయి.

"నేను పని మానలేదురా. గట్టు మీద పడి గిలగిలా కొట్టుకుంటే మోసుకొచ్చి మానిపించారు. పొంగు జ్వరమని అందరికీ చెప్పుకున్నాం. రెండేళ్లయింది, ముద్ద నోటి దాకా రాదు, దారిలోనే రాలిపోద్ది. మీ అక్క మార్త కలిపి నోట్లో పెడుద్ది నాకు. పిల్లలు చూడకుండా తలుపేసి పెడుద్ది. ఈ కోతలన్నీ ఎందుకు కోస్తానో తెలుసా? నవ్వేవాళ్లు మొహం వైపు చూస్తారు, చేతుల వైపు చూడరు."

జాన్‌బాబు చప్టా మీద కూలబడ్డాడు. బావ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు, అలా పట్టుకుంటే ఆగుతాయేమోనని.

వెంకటప్పయ్య గారు నేల చూపులు చూస్తూ లేచారు. "సరేలే, జాన్‌బాబు వద్దు. ఇంకెవరినన్నా చూసుకుంటాను" అన్నారు.

"అయ్యా, ఆ వచ్చేవాడికి కూడా ఈ మాట చెప్పండి," అన్నాడు బాలశౌరి. "నా పేరు పెట్టే చెప్పండి, సిగ్గు లేదు. కానీ మీరే చెప్పండయ్యా. నేను చెబితే నవ్వుతారు."