ఉయ్యాల బట్ట మీది సూర్యుడు

పసిపిల్లల బట్టలు కుట్టే దుకాణం. షట్టర్ సగం దించి ఉంది. లోపల అక్క, తమ్ముడు.

"ఆ చొక్కా కింద పెట్టరా. కుట్టు విప్పితే ఊరుకోను."

"విప్పక తప్పదక్కా. ఈ సూర్యుడు ఇప్పుడు మా సంఘం జెండా మీది గుర్తు. ఎవరికి పడితే వాళ్ళకి కుట్టకూడదు."

"మీ జెండానా? అమ్మమ్మ నేర్పింది ఇది. పుట్టిన ప్రతి బిడ్డకీ కుట్టేది. ఎవరి బిడ్డ అని ఏనాడూ అడగలేదు."

"అంతకుముందు వానల కోసం బావి రాళ్ళ మీద చెక్కేవాళ్ళని ఆవిడే చెప్పేది కదా. అర్థాలు మారుతుంటాయి."

"మారాయి. ఎవర్నీ బయటికి నెట్టకుండా మారాయి. అయినా మీ సంఘం వాళ్ళకిది ఎక్కడ దొరికింది?"

"అది..."

"చెప్పు."

"పాతదీ, పవిత్రమైనదీ ఏదైనా గుర్తు కావాలన్నారు. అమ్మ దాచిన దుప్పటి చూపించాను. సంతోషంగానే ఇచ్చాను. మన ఇంటి గుర్తు అంతమంది చేతుల్లో ఎగురుతుంటే..."

"గర్వంగా అనిపించిందా?"

"అప్పుడు అనిపించింది."

"నిన్న మందుల షాపాయన్ని కొట్టినప్పుడు?"

"నేను కొట్టలేదు."

"కొట్టావని అనలేదు. ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. దవడ కట్టేశారు, మాట్లాడలేడు. వాళ్ళావిడే చెప్పింది. మీ వాళ్ళు ఇంట్లోకి జొరబడి, 'ఎక్కడినుంచో వచ్చిన వాళ్ళకి మా సూర్యుడు దేనికి' అంటూ తిన్నగా పడగ్గదిలోకే పోయి, ఉయ్యాల బట్ట లాగేశారట. పాప అందులోనే ఉంది."

"పాపకేం కాలేదు కదా?"

"కాలేదు. బట్ట నేను కుట్టిచ్చిందే. కానీ అది పడగ్గదిలో ఉందని వాళ్ళకెలా తెలిసింది?"

"ఎవరో చెప్పుంటారు."

"ఆ ఇంట్లోకి ఎవరు పోతారురా? పోయిన వారం ఫ్యాన్ బిగించింది నువ్వే కదా?"

"మాటల్లో వచ్చిందక్కా. వాళ్ళింట్లోనూ మన సూర్యుడి గుర్తే ఉంది అని మా వాళ్ళతో అన్నానంతే. చెడుగా ఏమీ అనలేదు."

"అన్నం తిని వెళ్ళమని నిన్ను కూర్చోబెట్టారు కదరా వాళ్ళు."

"తిన్నాను."

"తిని కూడా..."

"ఇంత అవుతుందని నాకేం తెలుసు? మా వాళ్ళు అడిగారు, చెప్పాను. తర్వాత కుట్టిందెవరని కూడా అడిగారు."

"ఏం చెప్పావు?"

"మా అక్క అమాయకురాలు, తెలియక కుట్టిందని చెప్పాను. నీ మంచికే చెప్పాను."

"తెలిసే కుట్టాను. రేపు ఇంకొకటి కుట్టి ఆ పాపకే ఇస్తాను. పోయి మీ వాళ్ళకి ఈ మాట కూడా చెప్పు."

"మెల్లగా మాట్లాడక్కా."

"నా దుకాణంలో నేను మెల్లగా ఎందుకు మాట్లాడాలి?"

"మా వాళ్ళు షట్టర్ అవతలే ఉన్నారు. నేనే వెంటబెట్టుకొచ్చాను."