‘చూసిన’ అన్నవ్ గదా

శంషాబాద్ బస్టాండు ఎదురుగా, కంపెనీ బస్సు ఆగే చోటు. ఎయిర్‌పోర్టులో ముసలివాళ్లను వీల్‌చెయిర్లలో తోసే శ్రీలత డ్యూటీకి పోవడానికి నిలబడింది. అదే పని చేసే ఆమ్నా వెతుక్కుంటూ వచ్చింది. మొన్ననే ఆమె గేటు పాసు కంపెనీ గుంజుకుంది. శ్రీలత ముందే చూసింది గానీ, దాక్కోవడానికి అక్కడ నీడ కూడా లేదు.

"మొఖం అటు తిప్పితే నాకు కనపడననుకున్నవా?"

"అయ్యో, చూడలేదక్కా. బస్సు వస్తున్నదేమోనని..."

"బస్సు ఇటుకెల్లి వస్తది పిల్లా. నువ్వు చూసేది తుక్కుగూడ దిక్కు."

"ఆమ్నక్కా, ఛాయ్ తాగుతవా?"

"ఛాయ్ తర్వాత. కాయితం మీద ఏం రాసినవ్?"

"ఏం కాయితం?"

"ఏం కాయితమా! ముసలాయన కూసున్న చెయిర్ వాలుకు ఉరికింది, ఆయన పడ్డడు, చెయ్యి ఇరిగింది. బ్రేకు పెట్టలేదని నా పాసు గుంజుకున్నరు. పక్కన ఉన్నవని నిన్ను సాక్షం రాయమన్నరు. గా కాయితం."

"మంచిగనే రాసిన. నీ దిక్కే రాసిన అక్కా, ఒట్టు."

"చదువు."

"ఇప్పుడు నా దగ్గర లేదు గదా..."

"ఆఫీసుల రాజశేఖర్ సారు నా ముంగట ఒక్కసారి చదివితే నాకే నోటికొచ్చింది. రాసినదానివి, నీకు రాదా? చదువు."

"...ఐ డోంట్ థింక్ ఆమ్నా లెఫ్ట్ ది బ్రేక్ ఓపెన్."

"తెలుగుల."

"ఆమ్నా బ్రేకు పెట్టకుండ ఇడిసిపెట్టిందని నేను అనుకోను. అని."

"అనుకోవు."

"అవు, అనుకోను. అంటే నువ్వు పెట్టినవనే గదా!"

"మరి పెట్టిందని ఎందుకు రాయకపోయినవ్?"

"ఇంగ్లీషుల గట్లనే రాస్తరక్కా. వాళ్లు 'లేదు'ను పని మీద పెట్టరు, అనుకునుడు మీద పెడ్తరు. మనం 'వాన రాదనుకుంట' అంటం. వాళ్లు 'వాన వస్తదని అనుకోను' అంటరు. ట్రైనింగుల మాధవీలత మేడం చెప్పలే? ప్యాసింజరు 'నా ఫ్లైటు దొరుకుతదా' అంటే దొరకదని మొఖం మీద అనొద్దు. ఐ డోంట్ థింక్ సో అనాలె. మర్యాద."

"మర్యాద! మా అమ్మీ ఎర్కనే గదా నీకు, అజ్మత్ బీ. కూరల ఉప్పేసినవా అని అడిగితే 'వెయ్యలేదని అనుకోను' అని చూడు. గంటెతోని చేస్తది మర్యాద."

"జోకులెయ్యకక్కా."

"సారు గూడ జోకే వేసిండు. కాయితం చదివి నవ్విండు. 'ఆమ్నా, నీ దోస్తుకే డౌటున్నది నీ మీద' అన్నడు. తెలుగుల రాసినా సరే అన్నరట నిన్ను. ఎందుకు రాయలే?"

"నాకు ఇంగ్లీషు వస్తది గదా అని..."

"అబద్ధం. తెలుగుల రాస్తే 'పెట్టింది' అని రాయాల్సొస్తదని."

"అగో, రాజయ్యన్న బస్సు వస్తున్నది..."

"రానీ. గా రోజు లిఫ్టు కాడ చెయిర్ ఆపి నేనేమన్న?"

"ఎప్పుడు?"

"శ్రీలతా!"

"...'బ్రేక్' అన్నవ్."

"నువ్వేమన్నవ్?"

"రోజూ అనేదే."

"రోజూ ఏమంటం?"

"'చూసిన' అంటం."

"పెట్టినోళ్లు బ్రేక్ అనాలె. పక్కనున్నోళ్లు చూసిన అనాలె. చూడకపోతే అనొద్దు. నీకు నేర్పిందెవరు?"

"నువ్వే."

"గా రోజు చూసే అన్నవా? వట్టిగనే అన్నవా?"

"చూసే అన్న. టక్కుమని సప్పుడు గూడ ఇన్న. జర మెల్లగ మాట్లాడు అక్కా, అందరు మన దిక్కే చూస్తున్నరు."

"చూడనీ. కండ్లతోని చూసినవ్, చెవులతోని ఇన్నవ్. ఇగ దాంట్ల అనుకునుడేంది? అనుకునేది చూడనోళ్లు."

"ఏయ్ శ్రీలతా! ఎక్కుతున్నవా లేదా? రెండింటికి పంచ్ కొట్టాలె మీరు."

"రాజయ్యన్నా, జర ఆగు. నువ్వు రెండు నిముషాలు లేటైతే విమానాలేం కింద పడవు."

"ఓ, ఆమ్నా! నువ్వేనా? పాసు ఇచ్చిండ్రా అమ్మా?"

"ఇస్తరని అనుకోనన్నా."

"గదేం మాటమ్మా, అటుకాదు ఇటుకాదు!"

"మా శ్రీలత నేర్పిందన్నా."

"అక్కా, నాకు లేటైతున్నది. లేటైతే నాకు మెమో..."

"నీకు మెమో. నాకు పాసు పోతే ఇగ ఏ కంపెనీ ఆ గేటు లోపలికి తీసుకోదు. పదకొండేండ్లు తోసిన, ఒక్కర్ని గూడ పడెయ్యలే. చెప్పు. బ్రేకు పెట్టిందని నువ్వు రాస్తే సారు ఇంకోటి అడుగుతడు. ఏం అడుగుతడు?"

"నాకేం తెల్సు?"

"తెల్సు. గందుకే రాయలే. పెట్టిన బ్రేకు ఎవరు తీసిండ్రు అని అడుగుతడు."

"చెయిరే పాతది... బ్రేకు వదులైందేమో..."

"నేను బోర్డింగ్ పాసు తేనీకి కౌంటర్ కాడికి పోయిన. నీ చెయిర్ నా ఎనక ఉండె. నాది జరపంది నీది ముంగటికి పోదు."

"గా జాగల కెమెరాకు కనపడదక్కా. స్తంభం అడ్డమున్నది. ఎవరు జరిపిండ్రో ఎట్ల తెలుస్తది?"

"నేను కెమెరా సంగతి అడిగిన్నా? స్తంభం సంగతి గూడ చూసుకున్నవన్నట్టు."

"జరిపిన. జరిపినక్కా, జానెడు జరిపిన. నా ప్యాసింజరోళ్లు 'మా అవ్వకు లేటైతున్నది, లేటైతున్నది' అని నెత్తి మీద లొల్లి. మళ్ల పెడ్దామనే అనుకున్న..."

"గాడ గూడ అనుకునుడే."

"నౌకరి దొరికి నాలుగు నెల్లు కాలే. నా పేరు చెప్తే ఒక్క దినం ఉంచరు నన్ను. నీకు పదకొండేండ్ల పేరున్నది, తిట్టి ఇడిసిపెడ్తరనుకున్న. నువ్వు చూడలేదనుకున్న."

"చూసిన."

"ఏంది?"

"మూల మలుగుతుంటే ఎనక్కి తిరిగి చూసిన. నీ కాలు నా చెయిర్ బ్రేకు మీద ఉండె. తీసినోళ్లే పెడ్తరు గదా అని పోయిన. ముసలాయనను దవాఖానకు తీస్కపోయినంక, సారు మొదలు నన్నే అడిగిండు. 'శ్రీలత నీ చెయిర్ ముట్టిందా?' అని."

"...ఏం చెప్పినవ్?"

"'ముట్టలేదు సార్' అన్న. ఒక్కటే మాట. కండ్లల్ల కండ్లు పెట్టి అన్న. నిన్ను తెచ్చి ఆ పనిల పెట్టింది నేను గదా. నువ్వు 'ఆమ్నా బ్రేకు పెట్టింది' అంటవ్, నేను 'శ్రీలత ముట్టలేదు' అంట, ఇగ చెయిరే ఖరాబని రాసుకుంటరు, ఇద్దరం బతుకుతం అనుకున్న. నేను గూడ అనుకున్న చూడు. పాగల్ దాన్ని."

"ఆమ్నక్కా... మళ్ల రాస్త. ఇయ్యాల్నే పోయి రాస్త. తెలుగుల రాస్త."

"ఏం రాస్తవ్? బ్రేకు తీసింది నువ్వేనని రాస్తవా? చెప్పు."

"బ్రేకు పెట్టిందని రాస్త."

"గంతేనా?"

"అక్కా, ఇంట్ల నా జీతం ఒక్కటే..."

"మా ఇంట్ల పదిమంది సంపాదిస్తున్నరు మరి. పో, బస్సెక్కు. రాజయ్యన్న హారన్ కొడుతుండు. నన్ను గూడ మూడు గంటలకు మళ్ల పిలిచిండ్రు ఆఫీసుకు."

"ఎందుకు? ఇంకేం అడుగుతరు?"

"గదే. శ్రీలత చెయిర్ ముట్టిందా అని."

"ముట్టలేదనే చెప్తవ్ గదా? అక్కా? మొన్న చెప్పినట్లే చెప్తవ్ గదా?"

"చెప్త. గని ఈసారి నీ లెక్క మర్యాదగ, ఇంగ్లీషుల చెప్త. ఐ డోంట్ థింక్ శ్రీలత టచ్డ్ ది చెయిర్."