గుర్రప్పిల్లకి పెట్టిన అరటిపండు

“ఆంటీ, వచ్చే నెల మేం కూడా ఆ కాన్యన్‌కే వెళ్తున్నాం. అడవి గుర్రాలు కనిపించాయా మీకు?”

పొద్దున్న ఏడున్నర, శ్రావణీ. మబ్బు లేదు, చల్లటి గాలి. ఎండ ఇంకా లోయలోకి దిగలేదు. అలాంటి పూట ఏదో అవుతుందని ఎవరనుకుంటారు చెప్పు.

కనిపించాయి. అదే చెప్తున్నా. మీ అంకుల్, నేను, మా మయూఖ. డెన్వర్ దాకా ఫ్లైట్, అక్కణ్ణుంచి నాలుగ్గంటల డ్రైవ్. కాదు, ఐదు. దారిలో ఆగాంగా.

ఆ రోజు మా అమ్మ తిథి. ఇండియాలో అయితే ఆవుకి అరటిపండూ బెల్లమూ పెట్టాకే నేను తినేదాన్ని. ఇక్కడ మా ఊళ్లో ఆవెక్కడిది? పన్నెండేళ్లుగా దేవుడి ముందు పెట్టి మేమే తినేస్తున్నాం. ఈసారి డబ్బాలో పెట్టి వెంట తెచ్చుకున్నా. “కొండదారి మీద ఆవుకి అపాయింట్‌మెంట్ ఇచ్చావా?” అన్నారు మీ అంకుల్.

మలుపు తిరిగేసరికి తల్లి గుర్రం, పక్కన దాని పిల్ల. ఆర్నెల్లదేమో. నాకు అమ్మే గుర్తొచ్చింది. పండు ఒలిచాను.

“అమ్మా, డోంట్. గుర్రాలకి ఏం పెట్టొద్దని కింద బోర్డ్ చదివాను కదా,” అంది మయూఖ.

చదివింది. నేను విన్నాను. వినలేదని ఇప్పుడు చెప్పను.

పిల్ల నా చేతిలోదే తినేసింది. తల్లి వెనక్కి వెళ్లి సకిలించింది. పిల్ల కదల్లేదు. మేం నడిస్తే మా వెనకే వచ్చింది. హుష్ అన్నా, చప్పట్లు కొట్టినా పోలేదు. మిగిలిన పళ్లు మయూఖ భుజానున్న బ్యాగులో ఉన్నాయి మరి. దారి సన్నబడిన చోట, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, అక్కడ మూతితో బ్యాగుని తోసింది. ఆడుకున్నట్టే.

మయూఖ జారిపోయింది.

కింద గట్టు ఉంది కాబట్టి ఆగింది. చెయ్యి విరిగింది. రేంజర్లు వచ్చేసరికి రెండు గంటలు. నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. తల్లి గుర్రం మాత్రం పైన అరుస్తూనే ఉంది, అది గుర్తుంది.

కట్టు విప్పాక మయూఖే ఆ రేంజర్ల ఆఫీస్‌కి ఫోన్ చేసింది. ఆ గుర్రప్పిల్ల రోజూ పార్కింగ్‌కి వచ్చి కార్ల అద్దాల్లో మూతి పెడుతోందట. మనుషులకి అలవాటు పడింది, ఇక కొండ మీద ఉంచలేమని పట్టుకుని ఎక్కడో దొడ్లో పెట్టారట.

“అమ్మమ్మ కోసం చేశావ్, ఓకే. మరి దాని అమ్మ?” అంది. కోపంగా కూడా కాదు.

 

మీరు వెళ్లండమ్మా, చల్లగా వెళ్లి రండి. దూరం నుంచే చూడండి. ఏం పెట్టకండి.

మేమెలా వచ్చామంటావా? మీ అంకుల్ వచ్చారు. నేనొచ్చాను. మయూఖ వచ్చింది, చేతికి కట్టుతో. ముగ్గురం ఇంటికి తిరిగొచ్చాం. పైన కొండ మీద ఆ తల్లి గుర్రం ఇప్పుడు ఒక్కతే...