మూసిన ఇంట్లో గురక

హలో… ఆ, నేనేలే పాపా, మీ నాయన్నే. నా ఫోను ఇంగెవరెత్తుతారు?

—

అరవద్దు భారతీ, గూబ గుయ్యిమంటాంది… యాడుండానా? మనింటి ముందర. గడప మీద. బయటే.

లోపలికి పోలేదు. తాళం తీయలేదు… తెలుసు, నిన్నటితో ఆర్నెల్లు అయిపాయె. శ్రీరంగప్ప పంతులు గూడ చెప్పినాడు, ఇంగ తీసుకోవచ్చని.

తీయను… తీయనంతే. ఎదురింట్లో అద్దె రూము బాగానే ఉండాది నాకు.

—

ఎవరు చెప్పినారు నీకు?… ఎలిజబెత్తా? పక్కింట్లో ఉండి ఆయమ్మకు నా కంటే ముందర నీకు ఫోన్ చేసేది ఒక పని. ఏమని చెప్పింది?

… మీ అమ్మ లోపల గురక పెడతాందనా.

లే, నవ్వలేదు. దగ్గినా.

—

నువ్వు చెప్పు, మీ అమ్మ ధనిష్ఠా నక్షత్రంలో పోయిందని ఇల్లు మూయించింది ఎవరు? మీ పెద్దోళ్ళే గదా. పంచకం, పంచకం అని నన్ను పరాయోళ్ళ పంచన పడేసిరి. తాళమేసినాం, లోపల రాగం మొదలైంది…

జోకు పాపా.

… సరే, బాగలేదు. ఆటోలో మైకు పట్టుకోని పొద్దస్తమానం చీరల సేలు గురించి అరిచి అరిచి, నోరు దాని పాటికది తిరుగుతాంటాది. నేను దాంట్లో ఉండను.

—

వినపడిందా అంటే… వినపడింది. అందరికంటే ముందర నేనే విన్నా.

వానలు పడినంక. రోజూ పొద్దుగూకేటప్పుడు ఆటో నిలిపి ఈడొచ్చి కూర్చుంటాంటి గదా. లోపల్నుంచి… గుర్ర్… స్సూ… కొంచేపు ఆగుతాది. మళ్ళా గుర్ర్.

మీ అమ్మది గూడ అట్లనే గదా, నడుమ నడుమ ఆగుతాండె. ఆ పొద్దు ఆగింది, ఇంగ రాలే.

… భయమా? లే. భయపడాలని గూడ తోచలేదు. కూర్చోని వింటాంటి. అంతే.

ఎలిజబెత్ గేటుకాడ నిలబడి యేసయ్యా అని ప్రార్థన చేసిపోయింది. శ్రీరంగప్ప గోడల మీద పసుపునీళ్ళు చల్లిపోయినాడు. వాటికి రెండు దిక్కుల దీవెన దొరికింది.

… వాటికంటే వాటికే.

దయ్యం గాదు పాపా. గూబ.

—

గూబే. గుడ్లగూబ. తెల్లది. మొగానికి పౌడరు దట్టంగా కొట్టుకోని పెండ్లికి పోతాండట్టుంటాది. బాత్రూం వెంటిలేటరు అద్దం పగిలిపోయిండె గదా. ఇల్లు మూసేటప్పుడు తలుపులు, కిటికీలు, ఆఖరికి తూము గూడ మూసినాం. అది ఎవరికీ గుర్తు రాలే. మనుషులకు మూసినాం, గూబకు తీసిపెట్టినాం.

… ఎట్ల తెలిసిందంటే, ఒకపొద్దు ఈడనే కూర్చోనుండా. ఆ సందులోనుంచి బయటికొచ్చింది. రెక్కల సప్పుడే లేదు. నా నెత్తి మీదనే పోయింది. మళ్ళా వచ్చేటప్పుడు కాళ్ళల్లో ఎలక. శెనక్కాయల గోడౌన్లోది, బాగా బలిసిండె. ఎలక్షన్లో గెలిచినోడు ఎవడూ ఈ కాలనీలో ఎలకల్ని పట్టలే, ఇవి పట్టినాయి.

అటక మీద పిల్లలు పెట్టినట్టుండాది. ఆ గురక పిల్లలది. ఆకలైతే అట్ల అరుస్తాయంట, ఫోన్లో చూసినా.

—

ఆ, అప్పుట్నుంచే తెలుసు.

ఎందుకు చెప్పలేదంటే… చెప్తే ఏం చేస్తారు? ఇంట్లో గూబ దూరిందంటే శ్రీరంగప్ప ఇంకో ఆర్నెల్లు పాడుపెట్టమంటాడు. వీధిలోవాళ్ళు రాళ్ళెత్తుకుంటారు. అవేమో రెక్కలు గూడ రాని పిల్లలు…

… లే.

అవును. అది గాదు కారణం.

తెలిసినంక గూడ వచ్చి కూర్చుంటి పాపా. గూబ అని తెలుసు. తెలిసే వింటాంటి. చెవికి చెప్పినా. చెవి వినలే.

—

వద్దు వద్దు. నువ్వు బళ్ళారి నుంచి మనుషుల్ని పిల్చుకోని రావద్దు. వలలూ వద్దు.

అవి లేవు పాపా.

పోయినాయి… మొన్న ఒకటి వెంటిలేటరు అంచు మీద కూర్చోని, రెక్కలు కొట్టుకోని కొట్టుకోని, ఎగిరిపోయి కరెంటు స్తంభాన్ని పట్టుకున్యాది. కిందపడుతుందనుకుంటి. పడలే. నిన్న మిగిలినవి గూడ ఎగిరిపోయినాయి.

ఈపొద్దు సప్పుడు లేదు.

చానాసేపు కూర్చున్నా. ఏం లే. బైపాస్ మీద లారీలు వినపడతాండాయి, అంతే.

—

ఏడుపా? రాలే. అప్పుడూ రాలేదు గదా, అందరూ చూసిరి. కరెంటు పోయిన మైకు మాదిరి ఉండా.

—

నువ్వు రావాల్నా… ఎప్పుడొస్తావు?… ఆదివారమా.

…

ఉండు. తాళంచెవి జోబీలోనే ఉండాది.

ఫోను పెట్టొద్దు. మాట్లాడొద్దు గూడ. ఊరికే ఉండు.

… తుప్పు పట్టింది… తిరగడంలే… ఆ.

తీసినా.

…

ఉండావా?… ఆ, నేను గూడ ఉండా.

వాసన. అంతా వాసన… నేల నిండా రెట్టలు, ఈకలు, ఎలక బొచ్చు. దండెం మీద మీ అమ్మ చీర, ఆ నీలిది, అంచు రంగు పోయిందని అంగడోనితో కొట్లాడి వాన్నే ఏడిపించిందే, అది. దాని మీద గూడ తెల్లగా చారలు.

… మంచమా.

…

ఖాళీ. మంచం ఖాళీగా ఉండాది పాపా.

…

ఏడువు. ఏం గాదు, ఏడువు. నేను వింటాండా.

…

కిటికీలు తీస్తాండా… ఒకటి బిగుసుకున్యాది… ఆ, వచ్చింది. గాలొస్తాంది.

—

పాపా… మీ అమ్మ ఊడ్చే పొరక యాడ పెడతాండె?… వంటింట్లో లేదు… తలుపు వెనకనా?

ఆ. ఉండాది.

పెట్టేస్తాండా. రెండు చేతులూ కావాల.